బానపొట్ట సైకిలు

వాషరు మళ్లీ కింద పడింది. అరుగు మీంచి దొర్లి తడిమట్టిలో పడితే, కోడిపెట్ట ఒకటి పరుగున వచ్చి ముక్కుతో పొడిచి చూసి, ఇది తిండి కాదని తేల్చుకుని తన దారిన తను పోయింది. గుడివాడ నుంచి వచ్చిన లెక్కల మాస్టారు గంగరాజు గొంతుక్కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముందుకు జరిగి, వాషరు వెతుక్కుని, కట్టుకున్న పంచెకే తుడిచాడు. పొద్దున గుడిలో పాస్టరు పున్నయ్యగారి పక్కన కూర్చున్నప్పుడు ఆ పంచె తళతళలాడుతూ ఉంది. ఇప్పుడు దాని మీద చెయిను గ్రీజు ఒక చోట, రేగడి మట్టి ఒక చోట, ఎర్రటి తుప్పు ఇంకో చోట. గుమ్మంలో చేట ఒళ్లో పెట్టుకుని బియ్యం ఏరుతున్న దయామణికి నవ్వు వచ్చింది, ఆపుకుంది, నవ్వు వచ్చినందుకు తన మీద తనే విసుక్కుంది. ఈ మనిషిని చూసి నవ్వుకుంటే లాభం లేదు. నవ్వొస్తే ఇష్టం వస్తుంది, ఇష్టం వస్తే అడగాల్సింది అడగడానికి నోరు పెగలదు. అడగాల్సిందల్లా ఒక్కటే, ఈ మైళ్ల మీటరు ఎందుకు తెచ్చినట్టు? కిందటి నెల పున్నయ్యగారు వెంటబెట్టుకొచ్చినప్పుడు, పిల్లను చూడ్డానికి వచ్చినవాళ్లు అడిగేవేవీ ఇతను అడగలేదు. పాట పాడమనలేదు, జీతమెంతనలేదు. కాఫీ తాగుతూ తాగుతూ, గోడకి చేరేసిన సైకిలు వైపు చాలాసేపు చూసి, రోజుకి ఎన్ని మైళ్లు తొక్కుతారండీ అన్నాడు. ఎప్పుడూ కొలవలేదండీ అంది తను. అంతే మాట్లాడుకున్నది. ఇవాళ చేతిరుమాల్లోంచి అగ్గిపెట్టెలో సగమంత ఉన్న ఇనప డబ్బా తీసి, బెజవాడలో దొరికిందండీ, బిగించి వెళ్తాను అన్నాడు, బీరకాయో గుమ్మడికాయో తెచ్చినంత మామూలుగా. డబ్బాకి చిన్న కిటికీ, కిటికీలో వరసగా సున్నాలు. పక్కనొక పళ్లచక్రం. దీన్ని ఇరుసు దగ్గర బిగించి, స్పోకుకి ఒక మేకులాంటిది కడితే, చక్రం తిరిగినప్పుడల్లా ఆ మేకు వచ్చి పళ్లచక్రాన్ని టిక్కున తోస్తుందట, సున్నాలు కదిలి మైళ్లవుతాయట. అయ్యాక? ఇన్ని మైళ్లా, ఆడమనిషి, ఈ ఎండల్లో వానల్లో అంటాడు. రాజీనామా ఇచ్చి గుడివాడ వచ్చెయ్యమంటాడు. ఇంతకుముందు పిల్లను చూడ్డానికొచ్చినవాళ్లు ఆ మాట ఊరికే అన్నారు, ఈయన లెక్క కట్టి మరీ అంటాడు, అంతే తేడా.

కుడివైపు మళ్లీ ప్రయత్నిస్తున్నాడు. కుదరదు, దయామణికి తెలుసు, అయినా చెప్పలేదు. తప్పు మీటరుదీ కాదు, మాస్టారిదీ కాదు. దాన్ని చేసినవాడెవడో లోకంలోని సైకిళ్లన్నీ ఒక్కలాగే ఉంటాయనుకుని చేశాడు, అతను కోడూరు రాలేదు, దయామణి సైకిలు చూడలేదు. ఎవరి సైకిలుకైనా ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు రెండు సన్నటి గొట్టాలై కిందికి దిగుతుంది. దీని ఫోర్కు హ్యాండిలు దగ్గర బాగానే మొదలై, కొంచెం దిగగానే రెండు పక్కలకీ ఉబ్బి, బాన కడుపులా గుండ్రంగా తిరిగి, ఇరుసు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ దగ్గర పడుతుంది. పైగా గొట్టాలు కావు, బండిచక్రానికి తొడిగే ఇనప పట్టా. చక్రానికి అటో పిడికిలి, ఇటో పిడికిలి హాయిగా దూరుతాయి. ఊళ్లో పిల్లలు దానికి బానపొట్ట సైకిలని పేరు పెట్టారు. ఆ పేరు కాలవ గట్ల వెంబడి పాకి పాకి, పాలకాయతిప్ప దాటి హంసలదీవి దాకా పోయింది. అక్కడి ఆడవాళ్లు నర్సమ్మగారు అనడం ఎప్పుడో మానేశారు, బానపొట్ట సైకిలమ్మ వస్తోంది నీళ్లు మరగపెట్టండే అంటారు, ఆ కేక వినపడితే చాలు, లోపల నొప్పులు పడుతున్న పిల్లకి సగం ధైర్యం వస్తుంది. ఈ సంగతి, తనని చూడ్డానికి బందరు నుంచి వచ్చిన కాంపౌండరుకి తెలియదు. ఆయన సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, పెళ్లయ్యాక దీన్ని పాతసామాన్ల వాడికిచ్చేద్దాం అని, తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు. కృత్తివెన్ను నుంచి వచ్చినాయన నిజంగా మంచివాడు, ఈ ఫోర్కు పీకించేసి కొత్తది వేయిస్తానన్నాడు, ప్రేమగానే అన్నాడు. ఇద్దరినీ వద్దంది. పిన్ని సువార్తమ్మ నెత్తి కొట్టుకుంది, ముప్పై దాటాయి, సైకిలుని చేసుకుంటావుటే అని. ఏం చెప్తుంది? ఫోర్కు మార్చమన్నవాణ్ని చేసుకోనని లోపల ఒట్టు పెట్టుకున్నాను పిన్నీ అని చెప్తే, ఊళ్లో వాళ్లు పెట్టిన పేరు సైకిలుకి కాదు, నీ బుర్రకి పెట్టాల్సింది అనదూ? పైకి అంటే పిచ్చిమాటలా ఉండేవి కొన్ని ఉంటాయి, లోపల ఉన్నంతసేపూ అవి రాయంత గట్టిగా ఉంటాయి.

ఇప్పుడు మాస్టారు ఒక పుల్ల తీసుకుని ఫోర్కుకి ఎండి అంటుకున్న మట్టి గీకుతున్నాడు. కర్ కర్ మని ఆ చప్పుడు. నాన్న గీకిన చప్పుడే. బియ్యంలో దయామణి వేళ్లు ఆగాయి. అదీ ముసురు పట్టిన రోజే. బందరు మిషనాసుపత్రిలో చదువై, ఇక్కడ పురుళ్ల నర్సుగా వేసిన మొదటి ఏడాది. నాన్న, ఎలిమెంటరీ బడి పంతులు దైవాధీనంగారు, కూతురికి పాత సైకిలొకటి కొని, కాలవ పడవ మీద ఊరేగింపుగా తెచ్చి, వీధి వీధికీ చూపించాడు. అప్పుడు దానికీ అన్ని సైకిళ్లలాగే తిన్నటి ఫోర్కే. పాలకాయతిప్ప నుంచి కబురొచ్చింది, నాగమల్లేశ్వరికి తొలిచూలు, పొద్దుటి నుంచీ నొప్పులని. సంచి వేసుకుని బయల్దేరింది. గట్టు మీద రేగడి నాని పిండిలా ఉంది. నాలుగు చుట్లు తిరిగేసరికి మట్టంతా టైరుతో పాటు పైకెక్కి ఫోర్కు సందులో ముద్ద కట్టేసింది, చక్రం బిగుసుకుపోయింది. దిగి పుల్లతో గీకింది, ఎక్కింది, మళ్లీ బిగుసుకుంది. గీకింది. ఏడుస్తూ గీకింది. చివరికి సైకిలు భుజానికెత్తుకుంది, చెప్పులు ఎక్కడో మట్టిలోనే ఉండిపోయాయి. ఆ ఇంటికి చేరేసరికి లోపల మూలుగూ లేదు, పసిబిడ్డ ఏడుపూ లేదు. నాగమల్లేశ్వరి బతికింది. పుట్టగానే పడుకోబెడదామని తెచ్చి ఉంచిన చేటలో గుడ్డ కప్పి ఉంది. మగపిల్లాడు. నువ్వు ముందొచ్చినా ఏం చేసేదానివో అమ్మా అని ముసలమ్మ ఒకావిడ ఒళ్లు నిమిరింది, ఆ మాట నిజమో కాదో ఈనాటికీ తెలియదు. తెలియకపోవడమే బరువు.

ఇంటికొచ్చి నాన్నకి ఏమీ చెప్పలేదు. నాన్న అడగలేదు. సైకిలు ముందు కూర్చుని మట్టి గీకాడు, కర్ కర్ మని, చీకటి పడేదాకా. తర్వాత టైరుకీ ఫోర్కుకీ మధ్య వేళ్లు దూర్చి చూశాడు. దూరలేదు. మర్నాడు ఫోర్కు ఊడదీసి చంకలో పెట్టుకుని అవనిగడ్డ పోయాడు. శోభనాద్రి బళ్లకీ నాగళ్లకీ పనిచేసే కమ్మరి, సైకిళ్లు నాకు తెలియవు పంతులుగారూ అన్నాడట. నాకు సైకిలు ఫోర్కు వద్దయ్యా, బురద జారిపోయే ఫోర్కు కావాలి అన్నాడట నాన్న. తెలిసిన ఇనుముతో తెలిసినట్టు చేశాడు శోభనాద్రి, ఫోర్కు కుడిపక్క ఇరుసు దగ్గర అతుకు సరిగ్గా కుదరక బొడిపె కట్టింది, దాన్ని వదిలేశాడు. అది బిగించాక నాన్న ముందు తనే పంచె ఎగ్గట్టుకుని, దమ్ము చేసిన చేలోకి తొక్కుకుంటూ పోయాడు. మట్టి ఎక్కినట్టే ఎక్కి, ఆ బానపొట్టలోంచి ముద్దలు ముద్దలుగా జారిపోతుంటే, చేతులు వదిలేసి చప్పట్లు కొట్టబోయి దబ్బున పడ్డాడు. పడి, బురదలో కూర్చుని, మనిషి నవ్వాడే నవ్వు, ఆ నవ్వు తలుచుకుంటే చాలు దయామణికి ఇప్పటికీ కడుపు నిండిపోతుంది. రెండేళ్ల తర్వాత నాగమల్లేశ్వరికి మళ్లీ నొప్పులొస్తే, అదే ముసురు, అదే గట్టు, సైకిలు ఎక్కడా ఆగలేదు. ఆడపిల్ల. ఆ పిల్లకి దయామణి అనే పేరు పెట్టుకున్నారు, వాళ్ల కులంలో అలాంటి పేరే లేకపోయినా. నాన్న పోయి మూడేళ్లయింది. ఫోర్కుకి మాత్రం తుప్పు రానివ్వలేదు తను, ఆదివారం ఆదివారం ఆముదం రాస్తుంది. పొట్ట ఎందుకుందని అడిగినవాళ్లకి మా నాన్న చేయించాడండీ అంటుంది, అంతకు మించి చెప్పదు. చెప్తే ఆ చేట సంగతి కూడా చెప్పాలి.

"సన్నటి ఊచ ఏదైనా ఉందా అండీ?"

మాస్టారు అడుగుతున్నాడు. కుడివైపు ఆ బొడిపె అడ్డమొచ్చి, ఇరుసు చివర నట్టు పట్టడానికి మరలు మిగలక, చివరికి మీటరుని ఎడంవైపుకి మార్చాడు. అక్కడ పట్టింది. కానీ ఫోర్కు వంపు వల్ల అది చక్రానికి దూరంగా నిలబడింది, స్పోకుకి కట్టిన మేకు దాన్ని అందుకోకుండానే తిరిగిపోతోంది. దయామణి లేచి, విరిగిన గొడుగు తెచ్చి ఇచ్చింది. ఒక ఊచ పీకి, రాయి మీద పెట్టి రెండో రాయితో కొట్టి, వంచి, కొలిచి, మళ్లీ వంచుతున్నాడు. పానా పట్టడం కూడా సరిగ్గా రాదు మనిషికి, వేలి మీద కొట్టుకుని, ఎవరైనా చూశారా అని పక్కకి చూసి, వేలు నోట్లో పెట్టుకున్నాడు. గోళ్ల చివర సుద్దముక్క తెలుపు ఇంకా ఉంది. ఈ చేతులే నలుగురు తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ పెంచాయట. తల్లీ తండ్రీ ఒకరి వెనక ఒకరు పోతే, పొద్దున్నే లేచి వండి, చెల్లెళ్లకి జడలు వేసి, బడికి పంపి, తను బడికి పోయేవాడట. ఆఖరి చెల్లెలి పెళ్లి ఈ వేసవిలో చేసి, అప్పుడు తన సంగతి ఆలోచించుకున్నాడట. ఇదంతా కిందటి నెలే పిన్ని రాబట్టింది. రాబట్టడంతో ఆగక, మా హైస్కూల్లో వేసవి నుంచీ లెక్కల మాస్టారు లేడు బాబూ, డ్రిల్లు మాస్టారే లెక్కలు కూడా చెప్తున్నాడు, పిల్లలు కూడికలకి కవాతు చేస్తున్నారు అని ఒక రాయి వేసింది. అతను చిరునవ్వు నవ్వి ఊరుకున్నాడు. ఊరుకోవడం అంటే ఏమిటో? జడలు వేసే మగవాడు. పాయలు ఎడంగా తీసేవాడా, బిగించి అల్లేవాడా? ఆ పిల్లలు నొప్పని ఏడిస్తే ఏమనేవాడు? దయామణి చేయి తెలియకుండానే తన జడ మీదికి పోయింది, గబుక్కున మళ్లీ బియ్యంలోకి దిగింది. వద్దు. మీటరెందుకో తేలేదాకా వద్దు.

అప్పుడే సువార్తమ్మ గ్లాసులో టీ పట్టుకొచ్చింది. ఆయన చేతికిచ్చి, పంచె చూసి అయ్యో అనుకుని, సైకిలు చూసి ఇంకో అయ్యో అనుకుని, అనకూడని మాట అనేసింది.

"ఆ ఫోర్కు మార్పించెయ్యకూడదా బాబూ. మీటరూ కుదురుతుంది, నలుగురూ నవ్వకుండానూ ఉంటారు."

చేటలో వేళ్లు ఆగిపోయాయి. పిన్ని మీద కోపం కూడా రాలేదు, ఇన్నాళ్లూ తను మనసులో పెట్టుకున్న పరీక్షని ఈవిడ టీతో పాటు తెచ్చి ఆయన ముందు పెట్టేసింది, అంతే. అనెయ్యండి, దయామణి అనుకుంది, అనెయ్యండి మాస్టారూ, ఈ జడల గొడవ నాకు తప్పుతుంది. అనకండి, అని వెంటనే అనుకుంది, దయచేసి అనకండి. గంగరాజు టీ గ్లాసు అరుగు మీద పెట్టాడు. ఫోర్కు సందులోకి పిడికిలి పోనిచ్చి, చక్రాన్ని మెల్లగా తిప్పాడు.

"మార్చకూడదండీ. ఇది బురద కోసం వంచింది." పిన్నికి కాదు, గుమ్మం వైపు తిరిగి చెప్తున్నాడు. "మా సొంతూరు పెదపారుపూడిలో వానాకాలం మా నాన్న సైకిలెక్కింది తక్కువ, మోసింది ఎక్కువ. ఇలా వంచొచ్చని మాకెవరికీ తోచలేదు. ఇది చేయించినవారెవరో గానీ, మీరంటే ప్రాణమయ్యుండాలి."

ఆయనకి ఎవరూ చెప్పలేదు. పదేళ్లుగా ఎంతమంది చూశారు, ఎంతమంది నవ్వారు, ఒక్కరికీ తట్టలేదు. కళ్లు మసకలయ్యాయి, బియ్యమూ రాళ్లూ ఒకటైపోయాయి, టప్పున ఒక చుక్క చేటలో పడింది. నాన్నా, అనుకుంది, ఎవరో చదివారు నాన్నా నీ ఇనుముని. ఆ క్షణాన ఈ మనిషి మీద ఎంత ఇష్టం వచ్చిందంటే భయం వేసింది. ఎందుకంటే ప్రశ్న ఇంకా అక్కడే ఉంది, పైగా బరువు పెరిగింది. కాంపౌండరుని వద్దనడం సులువు. ఇతను, ఇంత అర్థమైన ఇతను, రేపు గుడివాడ రమ్మంటే? అక్కడ తారు రోడ్లు, రైలు, గడపకో డాక్టరు. అక్కడ బురద జారే ఫోర్కుతో ఎవరికి పని? గోడకి చేరేసి ఆముదం రాసుకుంటూ కూర్చోవాలి. ఇక్కడ పాలకాయతిప్పలో నీళ్లు మరగపెట్టమని ఎవరు కేకేస్తారు?

"కుదిరిందండీ" అన్నాడు మాస్టారు. చక్రం తిప్పితే టిక్కుమంది. మళ్లీ టిక్కుమంది. అతని మొహం పరీక్ష ప్యాసైన పిల్లాడిలా అయిపోయింది. ఒకసారి తొక్కి చూడమన్నాడు. దయామణి చేట అరుగు మీద పెట్టి, కొంగు బిగించుకుని, సైకిలెక్కి కాలవ గట్టు మీదికి పోనిచ్చింది. టిక్, టిక్, టిక్. ఇన్నేళ్లూ చప్పుడు చేయకుండా తిరిగిన చక్రం ఇవాళ మాట్లాడుతోంది. కాలవలో పడవవాళ్లు వెదురుగడ ఆపి చూశారు. టిక్, ఇది ఉల్లిపాలెం కవలపిల్లల కోసం, టిక్, ఇది గుర్రపుడెక్కలో పడి తడిసిపోయిన సంచి కోసం, టిక్, ఇది ఇంటికొచ్చి పొయ్యి ముట్టించే ఓపిక లేక, పిన్ని అలికిడికి లేవకుండా, చల్లటి అన్నంలో మజ్జిగ పోసుకుని తిన్న రాత్రులన్నిటి కోసం. తిరిగిన మైళ్లన్నీ ఏ కిటికీలోనూ కనపడకుండా ఎక్కడికి పోయాయి? గట్టు మలుపు దగ్గర ఒక కాలు దించి, వంగి, మీటరు కిటికీలోకి చూసింది. సున్నాలు లేవు. వరసగా తొమ్మిదులున్నాయి. కళ్లు నులుముకుని చూసింది. చక్రం ముందుకి తోస్తే చివరి తొమ్మిది ఎనిమిది వైపుకి దిగుతోంది.

వెనక్కొచ్చి చూపించింది. గంగరాజు మోకాళ్ల మీద కూర్చుని, చక్రం ఒకసారి తిప్పి, ఇంకోసారి తిప్పి, చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఎడంవైపు బిగించాను కదండీ, దీన్ని కుడివైపుకి చేశారు, అటుది ఇటు పెడితే వెనక్కి లెక్కపెడుతుందని నాకు తట్టలేదు, అని గొణిగాడు. సున్నాకి కుడివైపు పోతే కూడిక, ఎడంవైపు పోతే తీసివేత అని పిల్లలకి రోజూ చెప్పేది తనే, చేసింది ఇలా. ఊడదీసి పట్టుకెళ్లి గుడివాడలో ఏదైనా చేయించుకొస్తానని పానా అందుకోబోయాడు. దయామణి ముందుగా ఆ పానా తీసి వెనక పెట్టుకుంది.

"ఉండనివ్వండి. మాస్టారై ఉండి తీసివేతలు రావా?"

అతను నవ్వాడు. ఆ నవ్వు అయ్యేలోపే అడగాలి, అయిపోతే అడగలేదు, అందుకని ఊపిరి కూడా తీసుకోకుండా అడిగేసింది.

"నేనెన్ని మైళ్లు తిరిగితే మీకెందుకండీ?"

గంగరాజు నవ్వు ఆపాడు. గ్రీజు చేతులు చూసుకున్నాడు.

"అన్నం కోసమండీ. ఏ ఊరు ఎంత దూరమో తెలిస్తే, మీరెప్పటికొస్తారో లెక్క కట్టి పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చు. ముందే వండితే చల్లారిపోతుంది. తెలియకపోతే ఎలా?"

సువార్తమ్మ ఖాళీ గ్లాసు తీసుకోవడానికని వంగి, వంగినది వంగినట్టే ఉండిపోయింది. నిఘా అనుకుంది దయామణి. రాజీనామా అనుకుంది. నెల్లాళ్లు రాత్రిళ్లు పడుకుని ఆ మైళ్ల ప్రశ్నతో తగాదా పడింది, మీటరింకా రాకముందే. ఈయన ఎసరు గురించి ఆలోచించాడు. కానీ ఇంకొక్కటి మిగిలింది, అది కూడా తేలిపోవాలి. ఏడుపు గొంతు బయట పడకుండా, వీలైనంత పెడసరంగా అంది.

"గుడివాడలో వండిన అన్నం ఇక్కడికొచ్చేసరికి చల్లారదా అండీ?"

"గుడివాడలో ఎందుకండీ" అన్నాడతను, నిజంగానే ఆశ్చర్యపడి. "మీ హైస్కూలుకి కిందటి నెల్లోనే అర్జీ పెట్టుకున్నాను. మీరు కాదన్నా సరే, ఆ పిల్లలకి కూడికలు రావాలి కదా."

చెరువు కట్ట మలుపులో అవనిగడ్డ బస్సు హారను వినపడింది. ఆదివారం ఇదే ఆఖరి బస్సు, గుడివాడ వెళ్లేవాళ్లు ఈపాటికి రోడ్డెక్కి ఉండాలి. దయామణి అరుగు దగ్గరికి వెళ్లి, బియ్యం చేట తీసుకుని, తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

"రాళ్లు ఇంకా ఉన్నాయి" అంది. "చూసి ఏరండి."

గంగరాజు చేతులు పంచెకి తుడుచుకుని, ఇక పాడవడానికి దానిలో ఏమీ మిగల్లేదు కనక రెండోసారి కూడా తుడుచుకుని, చేటని వెలుతురు వైపు తిప్పుకున్నాడు.